పాలెంపేట

2024 నవంబరులో ఒక ఆదివారం పొద్దున, పాల ప్యాకెట్టు కోసం బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"నమస్తే సార్. నేను సార్, టెన్త్ మీ దగ్గరే చదివిన."

పేరు చెప్పగానే గుర్తొచ్చింది. రెండో బెంచీలో కూర్చుని, చెయ్యి కూడా ఎత్తకుండా పాఠం మధ్యలోనే ప్రశ్న అడిగే పిల్ల. ఇప్పుడు నయీంనగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్-2 కి చదువుకుంటోందట. పరీక్షకు నెల కూడా లేదు.

"రుద్రమదేవి ఎప్పుడు చనిపోయింది సార్? 1289లోనా, 1295లోనా? రూములో నలుగురం ఉన్నం. ఇద్దరం ఒకటంటున్నం, ఇద్దరు ఇంకొకటంటున్నరు."

"1289 బిడ్డా. చందుపట్ల శాసనం ఉంది కదా."

కొంచెం ఆగింది. "మరి మీ బ్లాగుల 1295 అని ఉంది కద సార్."

పాలు మర్చిపోయి లోపలికొచ్చి కంప్యూటర్ ఆన్ చేశాను. ఆ పిల్ల చెప్పింది నిజమే. 2011లో పెట్టిన పోస్టు, 'కాకతీయులు: వంద బిట్లు'. ముప్పై ఏడో బిట్టు: రుద్రమదేవి పాలనా కాలం 1262–1295. రాసింది నేనే. పదమూడేళ్లుగా అక్కడే ఉంది.

సాయంత్రం ఆ అమ్మాయి చదువుకునే రీడింగ్ హాల్ దాకా వెళ్లాను. మెట్ల దగ్గర నిలబడి, స్పైరల్ బైండింగ్ చేసిన ఒక జిరాక్స్ మెటీరియల్ చూపించింది. ఏదో కోచింగ్ సెంటర్‌ది. పేరు ఎందుకులే. కాకతీయుల చాప్టర్ తిప్పుతుంటే ఎక్కడో చదివినట్టే ఉంది. తీరా ఏడో పేజీలో "రామప్ప గుడి పాలెంపేటలో ఉంది" అన్న వాక్యం కనపడింది. అప్పుడు నవ్వొచ్చింది, తర్వాత కడుపులో ఏదో అయింది.

ఆ ఊరి పేరు పాలంపేట. పాలెంపేట అని రాసింది నేనే. పాలెం అనే మాట చెవిలో ఉండిపోయి టైపింగులో వేలు జారిన తప్పు. అది నా తప్పు, నా వేలిముద్రలాంటిది. వేరే వాళ్లు చేసే రకం కాదు. అంటే ఆ చాప్టర్ మొత్తం నాదే. ఇంకో తమాషా ఉంది. అప్పట్లో పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు పనిచేసేది కాదు, కాపీ చేసి అతికిస్తే అక్షరాలన్నీ చెదిరిపోయేవి. డీటీపీ సెంటర్లలో అందరూ యూనికోడ్ కాని అను స్క్రిప్ట్ ఫాంట్లలో కొట్టేవాళ్లు. కాబట్టి నా పోస్టును ఎవరో పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి, నా తప్పును కూడా ఎంతో శ్రద్ధగా మళ్లీ టైపు చేశారన్నమాట.

"సార్, ఈ బుక్కు అందరి దగ్గర ఉంది సార్" అంది ఆ పిల్ల. లోపల హాల్లోకి తొంగి చూశాను. నిజంగానే ఉంది.

*

బ్లాగు మొదలుపెట్టింది 2008లో. పరకాల వైపు ఒక ఊరి హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఇంట్లో కంప్యూటర్ లేదు. హన్మకొండ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌కి వారానికి రెండుసార్లు పోయేవాణ్ని. అక్కడ విండోస్ ఎక్స్‌పీ. తెలుగు పేజీ తెరిస్తే అన్నీ డబ్బాలే. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగులకు పోయి ఒక గడిలో టిక్కు పెట్టాలి, అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. సెంటర్ నడిపే కుర్రాడి దగ్గర ఆ సీడీ ఉండేది కాదు. నేనే ఒకటి సంపాదించి సంచిలో పెట్టుకుని తిరిగేవాణ్ని. ఏ సిస్టం ముందు కూర్చుంటే దానికి తెలుగు నేర్పడం, ఆ తర్వాతే నా పని. ఆ సెంటర్లో పన్నెండు సిస్టంలుంటే ఏడాదిలో తొమ్మిదింటికి తెలుగొచ్చింది. ఆ కుర్రాడు నన్ను "తెలుగు సార్" అనేవాడు. నేను సోషల్ సార్‌నని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

టైపు చేయడానికి లేఖిని. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కింద తెలుగులో వచ్చేది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎన్ కొడితే న, పెద్దది కొడితే ణ. షిఫ్ట్ నొక్కడం మర్చిపోతే కోట కాస్తా కోత అవుతుంది. ఓరుగల్లు కోట మీద నా మొదటి పోస్టు ఓరుగల్లు కోత అనే శీర్షికతో రెండు రోజులు ఉంది. ఎవరో వరి కోతల గురించి అనుకుని చదివారట.

రాసినదాన్ని జనం చూసేది కూడలిలో. తెలుగులో ఎవరు ఎక్కడ కొత్త పోస్టు పెట్టినా ఆ ఒక్క పేజీలో వరుసగా కనపడేది. జల్లెడ, హారం కూడా అలాంటివే. అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు, పచ్చళ్ల గురించి రాసే గృహిణులు, రిటైరైన లెక్చరర్లు, పద్యాలు అల్లేవాళ్లు, అందరి పక్కనా నా ఓరుగల్లు కోత. న్యూజెర్సీ నుంచి ఒకాయన "మాది మట్టెవాడ సార్, మీరు రాసిన సందు మా ఇంటి వెనకదే" అని రాస్తే ఆ రోజు నెట్ సెంటర్లో అదనంగా ఇంకో గంట కట్టి కూర్చున్నాను.

2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చిన తర్వాత ఆ పేజీ రెండుగా చీలింది. రోజూ కొట్లాటే. నేనూ రాశాను. అందులో కొన్ని ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. కొన్నింటికి వెయ్యదు.

అసలు సంగతి ఏమిటంటే, నా ఊరి సందుల గురించి రాస్తే ముప్పై మంది చదివేవాళ్లు. వంద బిట్లు పెట్టిన వారంలో లెక్క వేలు దాటింది. దానికి కారణం నా గొప్పతనం కాదు. ఆ రోజుల్లో పెద్ద తెలుగు పేపర్ల సైట్లు చాలావరకు తమ సొంత ఫాంట్లతో నడిచేవి. చదవాలంటే వాళ్ల ఫాంటు వేసుకోవాలి, లేదంటే ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే చిన్న పొడిగింపు పెట్టుకోవాలి. ఆ సైట్లలో ఏముందో గూగుల్‌కు తెలిసేది కాదు. కాబట్టి ఎవరైనా కాకతీయులు అని తెలుగులో కొడితే వచ్చేవి వికీపీడియా, దాని కింద మాలాంటి నలుగురైదుగురు బ్లాగర్ల పేజీలు. ఖాళీ మైదానంలో నేను సెంచరీ కొట్టాను. అది నాకు అప్పుడు తెలియలేదు. మా ఇంట్లో మాత్రం తెలుసు. "ఏంది, ఇంకా పండలేదా? నువ్వేమన్న యూనివర్సిటీ ప్రొఫెసర్‌వా?" అనేది మా ఆవిడ. ఆమె ప్రశ్నలో న్యాయముంది. ఆ వంద బిట్లు నేను ఒక పాత గైడు ముందేసుకుని రెండు రాత్రుల్లో కొట్టినవి.

*

1295 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. పాత పుస్తకాల్లో రుద్రమ పాలన 1295 దాకా, ఆ తర్వాత ప్రతాపరుద్రుడు అని ఉండేది. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన శాసనం ఆ లెక్క మార్చింది. 1289 నవంబరు నాటిది అది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్లకు పుణ్యం కలగాలని ఒక భటుడు గుడికి భూమి దానం చేశాడని దాని సారం. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. అది ఆమె చనిపోయిన తేదీ కాదు, దానం ఇచ్చిన తేదీ. అప్పటికి ఆమె లేదు, అంతే. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో చనిపోయిందనేది చరిత్రకారుల ఊహ, శాసనం ఆ మాట చెప్పదు. బిట్టులో నాలుగు ఆప్షన్లుంటాయి తప్ప ఈ మెలికకు చోటుండదు.

ఇదంతా నాకు 2014 నాటికే తెలుసు. క్లాసులో 1289 అనే చెప్తున్నాను. బ్లాగులో మాత్రం 1295 అని ఉంది. రాసి పడేసినదాన్ని మళ్లీ తెరిచి చూడాలని తోచలేదు. నా పిల్లలకు ఒకటి, లోకానికి ఒకటి.

దీనికి పక్కనే ఇంకో లోకం ఉంది, అక్కడ ఇలా జరగదు. ప్రతి ఫిబ్రవరిలో మా టీచర్లందరికీ ఇన్‌కంటాక్స్ టెన్షన్. ఎక్కడో ఏదో హైస్కూల్లో లెక్కలు చెప్పే సారు ఎక్సెల్‌లో ఒక షీటు తయారుచేసి తన బ్లాగులో పెడతాడు. బేసిక్ పే కొడితే డీఏ, హెచ్ఆర్ఏ, పట్టిక, ఫారం అన్నీ వచ్చేస్తాయి. ప్రింటు తీసి సంతకం పెట్టడమే. 2015లో జీతాల సవరణలో 43 శాతం ఫిట్‌మెంట్ (పెంపు) ప్రకటించినప్పుడు, కొత్త బేసిక్ ఎంతొస్తుందో చెప్పే షీట్లు రెండు మూడు రోజుల్లోనే స్టాఫ్‌రూముల్లోకి వచ్చేశాయి. ఎవరూ పైసా అడగలేదు. జీవోలు, సెలవుల రూల్సు, జీపీఎఫ్ ఫారాలు, ఏది కావాలన్నా మావాళ్లు ఆఫీసుకు పోయే ముందు చూసేది ఇలాంటి బ్లాగులే. వాటిలో పది రూపాయలు తేడా వచ్చిందంటే గంటలో ఆ సారు ఫోను వేడెక్కిపోతుంది. రాత్రికల్లా 'సవరించిన షీటు' అని కొత్తది వస్తుంది. జీతం లెక్కలో పది రూపాయలకు అంత గొడవ. రుద్రమదేవికి నేను ఆరేళ్లు ఎక్కువిస్తే పదమూడేళ్లు ఎవ్వరూ అడగలేదు.

అడిగింది చివరికి పరీక్షలో ఒక మార్కు పోతుందన్న భయం ఉన్న పిల్ల. అంటే ఇక్కడ కూడా లెక్కే.

*

ఆ రాత్రి కూర్చుని పాత పోస్టులన్నీ తిరగేశాను. రామప్ప గురించి మూడుచోట్ల రాశాను. 2012లో పెట్టిన దాంట్లో వరంగల్ జిల్లా. 2017లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2021 జులై 25న యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు పెట్టిన దాంట్లో ములుగు జిల్లా. మూడూ రాసిన రోజున కరెక్టే. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు వేరుపడింది. గుడి మాత్రం 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన చోటే ఉంది. ఈ మూడు పోస్టులనూ ఎవరో తేదీలు తీసేసి కాపీ చేసుకుంటే చదివే పిల్లలు ఏం కావాలి? కాపీ చేసేవాళ్లు మొట్టమొదట తీసేసేది తేదీనే. పాతదని తెలిస్తే కొనరు కదా.

ఇంకో పోస్టులో నా తప్పు దీనికంటే పెద్దది. రామప్పను మార్కోపోలో 'గుళ్లనే నక్షత్రాల గుంపులో అన్నిటికన్నా ప్రకాశవంతమైన తార' అన్నాడని రాశాను. ఎవరు చెప్పగా రాశానో కూడా గుర్తులేదు. అందరూ రాస్తారు. టూరిస్టు బ్రోచర్ల భాషే అది. ఆ రాత్రి పట్టుదలగా ఆయన యాత్రా గ్రంథానికి హెన్రీ యూల్ చేసిన ఇంగ్లీషు అనువాదం నెట్‌లో తీసి, మన ప్రాంతం గురించిన అధ్యాయం చదివాను. ముత్ఫిలి అంటాడు. అంటే మోటుపల్లి, కాకతీయుల ఓడరేవు. వజ్రాలను ఎలా ఏరతారో, పాములున్న లోయలో మాంసం ముక్కలు ఎలా విసురుతారో, గద్దలు వాటిని ఎలా ఎత్తుకొస్తాయో సరదాగా చెప్తాడు. సాలెగూడంత సన్నని బట్టలంటాడు. న్యాయంగా ఏలే రాణి గురించి చెప్తాడు. గుడి లేదు. తార లేదు. నాకైతే ఎక్కడా కనపడలేదు.

ఆ రాణి గురించి కూడా, భర్త చనిపోయాక నలభై ఏళ్లుగా ఏలుతోంది అంటాడు. రుద్రమకు రాజ్యం వచ్చింది తండ్రి గణపతిదేవుడి నుంచి. ఆమె భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. మార్కోపోలో కూడా రేవులో ఎవరో చెప్పింది రాసుకున్నాడన్నమాట. ఏడు వందల ఏళ్ల కిందటి మనిషి మీద ఆ రాత్రి నాకు కాస్త జాలి కలిగింది. ఆయనకు ఎవరూ ఆదివారం పొద్దున ఫోన్ చేసి అడగలేదు.

*

వార్తల సంగతికొస్తే, బ్లాగులో వార్తలు రాయడం నేను ఎప్పుడో మానేశాను. ఒక్కసారే మళ్లీ రాశాను, 2023 జులై చివర్లో. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగింది. ఇక్కడ హన్మకొండలో నయీంనగర్ నాలా రోడ్డెక్కింది. ఫోన్లో వీడియోలే వీడియోలు. అందులో ఒకదాంట్లో బస్సు కొట్టుకుపోతోంది, చూస్తే బస్సు మీద అక్షరాలు మలయాళం. మా వాట్సాప్ గ్రూపులో దాన్ని పంపింది ఒక హెడ్‌మాస్టరు గారు.

నేను చేసింది ఒక్కటే. మా డాబా మీద నుంచి నాకు కళ్లారా కనపడింది మాత్రమే, టైము వేసి రాశాను. 'ఆరు ఇరవైకి సందు చివర మోకాలు లోతు. ఏడున్నరకు కిరాణా కొట్టు రెండో మెట్టు మునిగింది. కరెంటు లేదు. పాలబండి రాలేదు.' అలా పద్నాలుగు లైన్లు. రెండు రోజుల తర్వాత భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడిందన్నప్పుడు, చూసి రాయమని బెంగళూరు నుంచి ఒకతను మెసేజ్ పెట్టాడు. వాళ్లమ్మ అటువైపే ఉంటుందట, ఫోన్ కలవడం లేదట. నేను పోలేదు. నీళ్లున్నాయి, నాకు భయం. పోలేదని కూడా రాశాను. తర్వాత ఆయనే చెప్పాడు, వాళ్లమ్మ అప్పటికే బంధువుల ఇంట్లో ఉందని.

ఇలాంటి పని చేసినవాళ్లు మన దగ్గర వందేళ్ల కిందటే ఉన్నారు. 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' అనే వారపత్రిక నడిపారు. సీతారామచంద్రరావు, రాఘవరంగారావు. నిజాం రాజ్యం, అధికార భాష ఉర్దూ, బస్సు మాట దేవుడెరుగు. ఊళ్లోనే సొంత ప్రెస్సు పెట్టుకున్నారు. ఒకసారి స్కూలు పిల్లలను ఇనుగుర్తి తీసుకుపోయాను. నేను ఇదంతా చెప్తుంటే ఎనిమిదో తరగతి పిల్లాడొకడు "వాళ్లకు లైకులు ఎట్ల తెలిసేటియి సార్?" అన్నాడు. చందాలు, పోస్టుకార్డులు అని చెప్పాను. "అంటే పైసలిచ్చి చదివిన్రా?" అని వాడు నోరు తెరిచాడు. ఆ ఆశ్చర్యం నాక్కూడా అంటుకుంది.

ఆ పిల్లలే తర్వాత వాళ్ల ఊరి గురించి నా బ్లాగులో రాశారు. చెరువులు, కుంటలు ఒకదాని నుంచి ఒకదానికి నీళ్లు ఎలా పోతాయో, ఏ తూము ఎవరి పొలానికో, ముసలివాళ్లను అడిగి పేర్లన్నీ రాసుకొచ్చారు. నా బ్లాగులో నాకు గర్వంగా ఉన్న పోస్టు అదొక్కటే. దాన్ని ఎవరూ కాపీ కొట్టలేదు. ఏ పరీక్షలోనూ అడగరు కదా.

*

దిద్దుబాటు చేయడానికి మూడు రాత్రులు పట్టింది. 1295 కొట్టేసి 1289 అని రాశాను. చెరిపేయలేదు, గీత కొట్టి పక్కన రాశాను, పైన ఎర్ర అక్షరాల్లో తేదీ వేసి 'ఈ పోస్టులో పదమూడేళ్లు తప్పు ఉంది, అది నాదే' అని పెట్టాను. చందుపట్ల మెలిక కూడా నాలుగు లైన్లలో రాశాను. మార్కోపోలోను తీసేశాను. ఆ కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ఎత్తినతను "మా మెటీరియల్ సీనియర్ ఫ్యాకల్టీ తయారుచేస్తరు సార్, తప్పులుండవు" అన్నాడు. ఆ సీనియర్ ఫ్యాకల్టీని నేనే బాబూ అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

గ్రూప్-2 డిసెంబరు 15, 16 తేదీల్లో అయిపోయింది. పేపర్లు అయ్యాక ఆ పిల్ల ఫోన్ చేసింది, ఎలా రాశావంటే "ఏమో సార్" అంది. నేనూ ఎక్కువ అడగలేదు.

ఫిబ్రవరిలో, ఇన్‌కంటాక్స్ కాగితాలు ప్రింట్ తీసుకోవడానికి నయీంనగర్‌లో జిరాక్స్ షాపుకు వెళ్తే కౌంటర్ మీద అదే మెటీరియల్ కనపడింది. అట్ట మారింది, రంగు మారింది, మీద 'సవరించిన ముద్రణ' అని ఉంది. నూట ఎనభై రూపాయలు. కొన్నాను. అక్కడే నిలబడి తిప్పాను. రుద్రమదేవి, 1289. కింద చందుపట్ల గురించి నా నాలుగు లైన్లు, కామాతో సహా. మార్కోపోలో లేడు. పర్వాలేదే అనుకుంటూ ఏడో పేజీకి వచ్చాను.

రామప్ప గుడి పాలెంపేటలో ఉంది.

ఇంటికొచ్చి నా పోస్టు తెరిచాను. వంద బిట్లలో ఆ ఊరి పేరు మూడుచోట్ల వస్తుంది. నేను రెండుచోట్లే దిద్దాను.